డీబగ్గర్ పేజీలెక్కడ?

"ఆ డీబగ్గర్ పేజీలు ఎక్కడున్నాయి?" అన్నాడు ఫోన్‌లో మా ఆయన. మేజోళ్ళు ఎక్కడున్నాయని అడిగే గొంతుతోనే అడిగాడు. నేనప్పుడు పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాను. జ్వరం ఇంకా దిగలేదు.

మేమిద్దరం ఒకే కాగితం మిల్లులో, ఒకే కంప్యూటర్ గదిలో పనిచేస్తాం. చేరింది కూడా ఒకే రోజు. పాపకి ఒళ్ళు వెచ్చబడితే మాత్రం సెలవు నాది. దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అదలా జరిగిపోతుందంతే. మిల్లులో ఉన్నది పాత యూనిక్స్ మెషిన్. లారీల బరువులు లెక్కగట్టే ప్రోగ్రాం పొద్దున్నుంచి మాటిమాటికీ కూలిపోతోందట, లారీలన్నీ గేటు దగ్గర నిలబడిపోయాయట. ఎక్కడ కూలుతోందో చూడాలంటే డీబగ్గర్ నడపాలి. అది ఎలా నడపాలో చదువుదామంటే మాన్యువల్ చూపించే కమాండ్ "అలాంటి పేజీ లేదు" అంటోందట.

"మేనేజర్ గారు పక్కనే ఉన్నారు. తొందరగా చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి.

నాకు తెలుసు. ఆ కమాండ్ తనకు చెప్పిన డైరెక్టరీలోనే వెతుకుతుంది. డీబగ్గర్ విడిగా కొన్నది కాబట్టి దాని పేజీలు వేరే డైరెక్టరీలో ఉన్నాయి. ఆ దారి చూపిస్తే చాలు, నోరు విప్పుతుంది. అమ్మిన కంపెనీవాళ్ళ వెంటపడి ఆ పేజీలున్న టేపు తెప్పించి, అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు కూర్చుని ఆ పేజీలు ఎక్కించింది నేనే. ఒక్కటీ వదలకుండా చదివాను కూడా. పోయినసారి మెషిన్ మొరాయించినప్పుడూ ఇంతే. ఒక చేత్తో పాలు కలుపుతూ ఫోన్‌లో ఒక్కో కమాండూ చెప్పాను, అతను టైపు చేశాడు. మర్నాడు మేనేజర్ వరండాలో నన్ను ఆపి, "మీ ఆయనది పాదరసం లాంటి బుర్రమ్మా" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ సాయంత్రం ఫోన్‌లో ఈ సంగతి చెప్తే అత్తగారు, "వాడికొచ్చిన పేరు నీకొచ్చినట్టు కాదుటే?" అంది.

కాదు. నాకు ఈర్ష్య. పక్కింటావిడ నగలు చూసి కాదు, ఆఫీసులో ఏ పిల్లనో చూసి కాదు, కట్టుకున్న మొగుణ్ణి చూసి. సవతిని చూసి కుళ్ళుకునే ఆడవాళ్ళకి లోకంలో చోటుంది. మొగుణ్ణి చూసి కుళ్ళుకునేదాన్ని ఏమంటారో నాకెవరూ చెప్పలేదు. ఫోన్‌లోంచి ఆ గది వినిపిస్తోంది. టీ కప్పుల చప్పుడు, ఎవరో కుర్చీ లాక్కున్న చప్పుడు. నలుగురూ ఊపిరి బిగబట్టి అతని తెర వైపే చూస్తుంటారు. ఆకలేస్తోందా అని అడుగుతారు గానీ, ఇంటికెప్పుడు పోతావని అతన్ని ఎవరూ అడగరు. అలా ఒక్క పూట కూర్చోవాలని నాకెంత ఆశో! కూలిపోతూ ఆ ప్రోగ్రాం వదిలిన ఆనవాళ్ళు తలుచుకుంటేనే నోరూరుతోంది. కన్నబిడ్డ జ్వరంతో పడుకుని ఉంటే చచ్చిన ప్రోగ్రాం మీద మనసు పారేసుకున్న తల్లిని నేను. ఎవరేమనుకున్నా నిజం అదే.

"మిల్లుకి రాబోయే కొత్త మెషిన్ బాధ్యత ఎవరికివ్వాలో ఈ వారమే తేలుస్తారు. ఇది బాగుచేస్తే ఇక మనదే," అన్నాడు.

మనదే అంటే అతనిదే. దానికి నేనూ దరఖాస్తు పెట్టాను. పెట్టిన రోజు "సరదాకి పెట్టావా?" అని అడిగాడు.

"ఫోన్ స్పీకర్‌లో పెట్టు," అన్నాను.

"ఎందుకు? నాకు చెప్పు, నేను చెప్తాగా."

"పెట్టు."

బటన్ నొక్కాడు, గది మొత్తం నా చెవిలోకి వచ్చింది.

"ఏంటమ్మా, ఆ పేజీలు ఉన్నాయంటావా, పోయాయంటావా?" అన్నాడు మేనేజర్.

"ఉన్నాయి సార్. ఎక్కించింది నేనే. నేను వచ్చి ఆ ప్రోగ్రాం సంగతి చూస్తాను. మా ఆయనకి ఈ పూట సెలవిచ్చి ముందు ఇంటికి పంపండి, పాపకి జ్వరంగా ఉంది."