పేరు పెట్టాక రండి

ఆ ఆఫీసులో ఆమెను అందరూ దశాంశమ్మ అనేవారు. చుక్క తర్వాతి అంకె తేలేదాకా కాగితం వదలదని ఆ పేరు. జనన మరణాల నమోదు గదిలో పదకొండేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ, అదే పట్టుదల. ఊళ్లో సుమారు ఎంతమంది ఉంటారని ఎవరైనా అడిగితే, "సుమారు కావాలంటే టీకొట్టు దగ్గర అడగండి," అనేది.

కిందటేడాది లెక్క కూడా అతికినట్టు వచ్చింది. ఏడాది మధ్యనాటికి ఊరి జనాభా నలభై వేలు. పుట్టినవారు ఎనిమిది వందలు, పోయినవారు రెండు వందల ఎనభై. అంటే వెయ్యి మందికి ఇరవై జననాలు, ఏడు మరణాలు. తేడా పదమూడు, ఊరు సహజంగా పెరిగింది అంతే. ఇక ఏడాది నిండకుండా పోయిన పసివాళ్లు ఇరవై మంది. ఈ ఒక్క లెక్కను మాత్రం ఊరి జనంతో భాగించకూడదు, పుట్టిన పిల్లలతో భాగించాలి. వెయ్యికి ఇరవై అయిదు.

ఆ ఇరవై అయిదు దగ్గరే ఆమె మనసు ఉసూరుమంది. ఆ అంకె ముప్పై దాటిన ఊళ్ల ఆసుపత్రుల్లో పసిగుడ్ల కోసం విడిగా ఒక గది కడతామని, వెచ్చని పెట్టెలూ ఊపిరందించే యంత్రమూ ఇస్తామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కిందటేడు ఆమె చెల్లెలికి పుట్టిన పిల్లాడు రెండు గంటలు బతికి, అలాంటి గది లేకే పోయాడు. చెల్లెలికి ఇప్పుడు మళ్లీ నాలుగో నెల.

శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా లెక్క చేరాలి. అంతకుముందు కాన్పుల గది పుస్తకంతో ఈసారి సరిచూడమన్నారు కాబట్టి, బుధవారం పొద్దున ఆమె ఆసుపత్రికి వెళ్లింది. పుస్తకంలో ఎనిమిది వందల పన్నెండు ఉంది.

"మీ కూడిక తప్పు," అంది పెద్దనర్సుతో.

పెద్దనర్సు ముప్పై ఏళ్లుగా బిడ్డల్ని చేతుల్లోకి తీసుకున్న మనిషి. సొరుగు లాగి పన్నెండు ఫారాలు బల్ల మీద పెట్టింది. "మేం పంపినవే. నువ్వే తిప్పి పంపావు."

ప్రతి దాని మీదా మొదటి గడి ఖాళీ. పక్కన పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో, 'పేరు పెట్టాక రండి.' ఆ అక్షరాలు దశాంశమ్మవే. బతికిన పిల్లల ఫారాలు పేర్లతో తిరిగొచ్చేవి. ఇవి రాలేదు. ఎలా వస్తాయి?

"చనిపోయి పుట్టినవాళ్లేమో..." అంది.

"ఏడ్చారమ్మా. ఏడవనిదొకటుంది, అదీ కాలు ఆడించింది. ఊపిరి తీసినా, గుండె కొట్టుకున్నా, కాలు కదిలినా బతికి పుట్టినట్టే. మీ పుస్తకంలోనే రాసుంటుంది చూసుకో."

పేరు లేనిదే నమోదు లేదని ఆమెకు పాత గుమాస్తా చెప్పాడు. ఆయన చెప్పింది వేదమనుకుని నిబంధనల పుస్తకం ఏనాడూ తెరవలేదు. ఇప్పుడు తెరిస్తే మొదటి పేజీలోనే ఉంది: పేరు తర్వాత చేర్చవచ్చు. పైగా పెరుగుదల లెక్కలో ఆ తప్పు బయటపడే దారి కూడా లేదు. పన్నెండు మందిని పుట్టినవాళ్లలో కలిపి, పోయినవాళ్లలోనూ కలిపితే ఇరవై కాస్తా ఇరవై పాయింట్ మూడు, ఏడు కాస్తా ఏడు పాయింట్ మూడు అయ్యాయి. తేడా మాత్రం అదే పదమూడు! వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయినవాళ్లు పెరుగుదలలో కనబడరు. పసివాళ్ల లెక్కలో ఒక్కచోటే కనబడతారు.

ఫారాలు తిప్పుతుంటే తొమ్మిదో దాని మీద తల్లి పేరు చూసింది. చెల్లెలు. ఆ రోజు తాను కాన్పుల గది బయటే నిలబడి ఏడ్చింది. వారం తిరక్కుండా ఈ కాగితాన్ని, ఖాళీ గడి తప్ప మరేమీ చూడకుండా, కట్టలోంచి తీసి తిప్పి పంపేసింది.

ఆలస్యపు నమోదుకు తల్లి సంతకం ఉండాలి. ఎవరేమన్నా సరే అనుకుని ఆ మధ్యాహ్నమే బయల్దేరింది. గురువారం చీకటిపడేలోగా పదకొండు ఇళ్లు తిరిగింది. ప్రతి గుమ్మం ముందూ చెప్పింది ఒకటే: "తప్పు నాది. దిద్దుకోవడానికి వచ్చాను." ఒకామె మొహాన తలుపు వేసింది. దశాంశమ్మ మెట్ల మీదే కూర్చుంది. గంటన్నరకు తలుపు తెరుచుకుంది, సంతకమూ వచ్చింది.

శుక్రవారం పొద్దున రిజిస్ట్రారు ఫారాలు చూసి తల పట్టుకున్నాడు. "ఇన్నేళ్లూ లేనిది ఒక్కసారిగా ఇంత పెరిగితే నన్ను నిలదీయరూ? కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

"దురద కందకుంది సార్. కత్తిపీటే ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. సంజాయిషీ అడిగితే నా పేరు రాయండి."

ఆయన ఫారాలు లెక్కపెట్టాడు. "పదకొండేనా? సరే, పదకొండుతోనూ ముప్పై ఎనిమిది దాటింది. గది వస్తుంది. ఆ ఒక్కటీ వదిలేయ్."

వదిలేస్తే గది వస్తుంది, చెల్లెలి మొహం చూసే పనీ తప్పుతుంది. ఆమెకూ ఆ ఆశ కలగకపోలేదు. "ముప్పై ఎనిమిది పాయింట్ రెండు తప్పు లెక్క సార్," అని లేచింది.

చెల్లెలు ఫారం అందుకుని చాలాసేపు చూసింది.

"ఇది నీ చేతిరాతే కదక్కా."

"నాదేనే."

"నా పేరు కూడా చూళ్లేదా?"

"చూళ్లేదు. గడి ఖాళీగా ఉందని చూశానంతే."

చెల్లెలు తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. చెల్లెలు కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "పెన్నియ్యి."

"కింద సంతకం చాలు. మొదటి గడిలో 'పేరు పెట్టలేదు' అని నేను రాస్తాను. అందరికీ అలాగే రాశాను."

"అలా రాయకు." చెల్లెలి గొంతు గట్టిపడింది. "పెట్టాం. ఆ రెండు గంటలూ ఆ పేరుతోనే పిలిచాం. వాడు పోయాక ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

నాలుగున్నరకు దశాంశమ్మ తన కుర్చీలో కూర్చుంది. ముప్పై రెండును ఎనిమిది వందల పన్నెండుతో భాగించి, వెయ్యితో గుణించింది: ముప్పై తొమ్మిది పాయింట్ నాలుగు. రిజిస్ట్రారు సంతకం చేశాడు.

కాగితం వెళ్లిపోయాక ఆమె ఫోను తీసి, మొన్న తలుపు వేసినామెకు చేసింది. "నేనే అమ్మా, ఆఫీసు నుంచి. ఆ రోజు ఒకటి అడగడం మరిచిపోయాను. పాపకు ఏం పేరు అనుకున్నారు?"

దశాంశమ్మ పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.