బొట్టు పెట్టిన వైపు

ఆయుధపూజ నాడు చిక్కమునియప్ప ఇంట్లో అన్నిటికంటే పెద్ద దండ గడ్డి కోసే మిషనుకే పడింది. కొడవలి, పార, కత్తెర దాని పక్కన బుద్ధిగా కూర్చున్నాయి. గుమ్మడికాయ కొట్టడం, హారతి ఇవ్వడం అయ్యాయి. ఇక మిగిలింది ఇంజను స్టార్ట్ చేసి, చక్రాల కింది నిమ్మకాయలను తొక్కించడమే. చిక్కమునియప్ప మిషనుకు దణ్ణం పెట్టి తాడు లాగాడు. తాడు బిగుసుకుపోయింది. బలంగా లాగితే కాస్త వచ్చింది గాని ఇంజను ఉలకలేదు, పలకలేదు.

"నీ మాదిరే దానికీ ఈ పొద్దు పండగ రజా కావాలేమో," అంది భార్య భాగీరథమ్మ.

ఆయన నవ్వలేదు. బొమ్మసంద్రలో ఆయన తోటపని చేసే ఫ్యాక్టరీ ముందు ఈ వానలకు గడ్డి ఏపుగా పెరిగింది. సెలవులు అయ్యేలోగా కోయకపోతే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని కొత్త మేనేజరు ముందే చెప్పాడు. ఉన్నది రేపొక్క రోజు. పైగా పూజనాడు నిమ్మకాయ తొక్కని బండి ఏడాదంతా సతాయిస్తుందని ఆయన నమ్మకం. ఏం తక్కువ చేశానా అని ఆ కాయల వంకే చూస్తూ కూర్చున్నాడు.

కూతురు అర్పిత ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. మిషనుతో వచ్చిన పుస్తకం చదివి, ఆయిలు ఎప్పుడు మార్చాలో తండ్రికి చెప్పింది ఆమే. నిన్న ఆమె బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి తండ్రి కడిగిన మిషను తళతళలాడుతోంది. అడుగున పట్టిన ఎండుగడ్డి కూడా లేదు. అడుగు కడగాలంటే పక్కకు పడుకోబెట్టాలి. ఏ పక్కకు పడుకోబెట్టాడో? ఇప్పుడు గాలి ఫిల్టరు మూత తీసి వేలు పెట్టి చూసింది. వేలికి నల్లగా ఆయిలు అంటింది.

జబ్బు తెలిసింది గాని నోరు రాలేదు. నొప్పి మోకాళ్ళతో కింద కూర్చుని, పుల్లతో గడ్డి గీకి, పసిబిడ్డకు పోసినట్టు నీళ్ళు పోసిన మనిషికి, నువ్వు కడగబట్టే ఇది ఆగిందని పండగపూట ఎలా చెప్పడం? చెప్పకపోతే రేపు అవే మోకాళ్ళతో కొడవలి పట్టుకుని పోతాడు.

"నాయనా, పూజలో తక్కువేం లేదు. కడిగేటప్పుడు ఫిల్టరు ఉండే పక్క కిందికి పోయింది. ఆయిలు దాంట్లోకి, ప్లగ్గు దాకా కారిపోయింది. విప్పి తుడిస్తే సరిపోతుంది."

"రేపు విప్పుదాంలే."

"ఫిల్టరు కడిగితే రాత్రంతా ఆరాల నాయనా."

పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు పూజకు తప్ప పనికి ముట్టరు. ఆ ఇంట్లో సూది కూడా తీయరు.

"పూజలో ఉండేదాన్ని విప్పుతారా పాపా?"

"కడిగేదీ పూజే కదా. నువ్వు పైన కడిగినావు. లోపల మిగిలుండాది."

చిక్కమునియప్ప లేచాడు. దండ తానే తీసి కొడవలి మీద వేశాడు. స్పానరు యాడుండాదని అడిగాడు.

ప్లగ్గు విప్పి తాడు లాగేసరికి లోపలి ఆయిలు చిమ్మి ఆయన కొత్త పంచె మీద పడింది. భాగీరథమ్మ హారతి పళ్ళేన్ని పక్కకు జరుపుకుంది. ప్లగ్గు తుడిచి బిగించారు. ఫిల్టరు స్పాంజీని అర్పిత సబ్బునీళ్ళలో పిసికి, దండెం మీద తల్లి పండగ చీర పక్కనే ఆరేసింది.

తెల్లవారి ఫిల్టరు బిగించి, తగ్గినంత ఆయిలు పోశాక, తాడు లాగగానే ఇంజను అందుకుంది. తెల్లటి పొగ ఇల్లంతా కమ్మింది. ఇంక సాంబ్రాణి అక్కర్లేదని భాగీరథమ్మ దగ్గుతూనే అంది. పొగ తగ్గాక చిక్కమునియప్ప మిషనును ముందుకు తోశాడు. నిమ్మకాయలు పటుక్కుమన్నాయి.

ఆటోలోకి ఎక్కించబోతూ ఆయన ఇంట్లోకి వెళ్ళి కుంకుమ తెచ్చి, ఫిల్టరు మూత మీద పెద్ద బొట్టు పెట్టాడు.

"అది చెరిగిపోతుంది నాయనా," అంది అర్పిత.

"కడిగే ముందర మళ్ళా పెడతా. బొట్టు ఆకాశం చూస్తా ఉండాల, అంతే కదా?"