కొత్త ఫ్రిజ్ వచ్చిన రోజు

"జర అందరికి చాయ్ పెట్టు సంతోషీ," అన్నాడు రఘుపతి, ఫ్రిజ్‌కు చుట్టిన అట్ట ఊడదీస్తూ.

సంతోషి మంచం మీద నుంచి మెల్లగా లేచింది. పొత్తికడుపులో కుట్లు చురుక్కుమన్నాయి. గర్భసంచి తీయించుకుని నిన్ననే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. గోడ పట్టుకుని నడిచి స్టవ్ వెలిగించింది. మగ్గాల పనికి వలసొచ్చి ఉంటున్న వడోద్‌లోని ఆ ఇరుకింట్లో కాలు పెట్టే చోటు లేదు. ఫ్రిజ్ మోసుకొచ్చిన కూలీలు, రఘుపతితో పాటు మగ్గాల మీద పనిచేసే దోస్తులు, పక్కింటివాళ్లు. ఫ్రిజ్‌లో ఏ అరలో ఏం పెట్టుకోవచ్చో అందరూ అడిగారు. ఆమెకు ఎట్లా ఉందని ఒక్కరూ అడగలేదు. కిటికీ పక్కనున్న ఆమె మంచాన్ని బాత్రూం గోడకు జరిపి, గాలొచ్చే ఆ చోట ఫ్రిజ్‌ను నిలబెట్టారు.

"నా జమానాల పెండ్లాన్ని గిట్ల చూసుకున్న మొగోన్ని చూడలే. అదృష్టం నీది బిడ్డా," అంది అత్త నర్సవ్వ.

అదృష్టం. సంతోషికి ఒళ్లు మండింది. ఆపరేషన్‌కు ముందురోజు తను రఘుపతిని అడిగిందేమిటి? "ఒక్క దినం ఛుట్టీ పెట్టు. నన్ను లోపలికి తీస్కపోయేటప్పుడు నువ్వు బయటుంటే చాలు." అతను చొక్కా తొడుక్కుంటూ, "నేను కూసుంటే నీ నొప్పి తగ్గుతదా? డబల్ డ్యూటీ జేస్తే ఇంట్లకు ఏదన్న వస్తువొస్తది," అన్నాడు. వచ్చింది వస్తువు. ఆపరేషన్ తర్వాత కళ్లు తెరిచినప్పుడు ఆమె చేతిని పట్టుకుని ఉన్నది కింది గదిలో ఉండే విజయరాణి. చీరలకు రాళ్లు అంటించే పని మానుకుని వచ్చింది. ఎదుటి మంచం దగ్గర ఎవరో ఒకాయన భార్యకు జడ వేస్తున్నాడు. చేతకాక పాయలు జారిపోతుంటే మళ్లీ మొదలుపెడుతున్నాడు. అది చూసి సంతోషికి ఏడుపు ఆగలేదు. కుట్లు నొప్పి పెడుతున్నాయేమోనని నర్సు మాత్ర ఇచ్చి వెళ్లింది. తన అమ్మ పోయినప్పుడూ రఘుపతి అంతే. తనను ఊరికి ఒంటరిగా రైలెక్కించాడు. ఏడ్చి ఏడ్చి తిరిగొచ్చేసరికి గోడకు కొత్త టీవీ ఉంది. అతను లేని ప్రతిచోటా ఒక వస్తువు వచ్చి నిలబడింది. వాటి మీద దుమ్ము తుడిచేదీ తనే, వాటిని చూడొచ్చిన వాళ్లకు చాయ్ పెట్టేదీ తనే.

"ఇటు రా, ఫ్రిజ్ మీద చెయ్యేసి నిలబడు. ఫొటో తీసి మీ తమ్మునికి పంపుతా," అని పిలిచాడు రఘుపతి.

"కుట్లు నొస్తున్నయ్."

"ఒక్క నిమిషమే. జర నవ్వు."

"ఆసుపత్రిల ఆ ఒక్క నిమిషం యాడవోయింది?"

రఘుపతి ఫోన్ దించాడు. "అందరి ముందట ఏందిది? రాత్రింబగళ్లు ఎవరికోసం జేస్తున్న? నీకోసం కాదా?"

"నేను నిన్నడిగిన. ఫ్రిజ్‌నడగలే."

ఆమె గొంతు పెంచలేదు. ఇన్నేళ్లూ మింగిన కోపం ఆమె మాటను వణకనివ్వలేదు. స్టవ్ ఆపేసింది. దిండు చంకలో పెట్టుకుని, మందుల సంచి తీసుకుంది.

"యాడికి?" అన్నాడు అతను.

"విజయక్క కాడికి. డాక్టరమ్మ పండుకోమన్నది. ఈడ నేను పండుకునే జాగ లేదు."

"మరి చాయ్?" అంది నర్సవ్వ.

"మీ కొడుకు పెడ్తడు అత్తమ్మా."

రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. విజయరాణి తలుపు తీసి, ఏమీ అడగకుండా, చాప మీది చీరలన్నీ పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చింది. పడుకోగానే, ఇంటికొచ్చాక మొదటిసారి సంతోషి నిండుగా ఊపిరి తీసుకుంది.

కాసేపటికి రఘుపతి గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రావాలో వద్దో తెలియక చెప్పులతోనే నిలబడ్డాడు. "ఎప్పుడొస్తవ్?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏం గావాల్నో చెప్పు, తెస్త," అన్నాడు.

సంతోషి అతని వైపు తిరిగి చూసింది.

"ఏం తేకు. తీరికైన దినం ఒట్టి చేతుల్తోటి రా. వచ్చి నా పక్కకు కూసో. నేను వచ్చేది రానిది అప్పుడు జెప్త."