టేపులో చల్లారిన టీ

రత్నమణి టీచరుకి రెండు నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదు. ఇల్లు నందిగామ, బడి జగ్గయ్యపేట, రోజూ రానూ పోనూ బస్సులో నిలువు కాళ్ళ మీద ప్రయాణం. డాక్టరుగారు మాత్రలు రాయలేదు. సాయంత్రం ఇంటికి రాగానే ఆ రోజు సంగతులు నోట్సులో రాసుకుని, ఆదివారం తీరిగ్గా చదువుకోమన్నారు. పొద్దస్తమానం రాసే చేతికి మళ్ళీ రాతా అనుకుని ఆవిడ, చర్చి పాటలు నేర్చుకోడానికి కొన్న టేప్‌రికార్డరు ముందేసుకుంది.

సోమవారం మొదలుకుని రోజూ వసారాలో కూర్చుని చెప్పింది. హెడ్మాస్టరు తిరుపతిరావుగారి సణుగుడు, ఏడో తరగతి అల్లరి, బస్సులో ఎవరిదో కోడిపుంజు తన కొంగు పీకడం, అన్నీ చెప్పింది. చివర్లో మాత్రం రోజూ ఒకటే మాట, ఈ ఇంట్లో తనను అడిగే దిక్కు లేదని.

శనివారానికి నిర్ణయమూ అయిపోయింది. జగ్గయ్యపేటలో తోటి టీచరు కృపావతి మేడ మీద గది ఖాళీగా ఉంది. అక్కడుండి ఆదివారాలు ఇంటికొస్తే చాలు. సోమవారం మాటివ్వాలి. మండలాఫీసులో గుమాస్తా చేసే భర్త ప్రేమానందం ఆ మాట విని, తన తప్పేంటో చెప్పమన్నాడు.

చెప్పడం దేనికని, ఆదివారం చర్చి నుంచి రాగానే, కాపీ కొట్టి దొరికిన పిల్లాడిలా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి టేపు వేసింది.

కోడిపుంజు దగ్గర ఆయన నవ్వాడు. ఆవిడ గుడ్లురిమింది. అంతలో టేపులో, వంటింటి వైపు నుంచి, ఒక గొంతు.

"మణీ, టీ పెట్టా. చల్లారిపోద్ది."

వెంటనే తన గొంతే: "ఉండండి, మాట్లాడుతున్నాగా." ఆ వెనకే, అడిగే దిక్కు లేదన్న మాట.

మంగళవారమూ అంతే. బుధవారం, కాళ్ళకి వేణ్ణీళ్ళు పెట్టనా అన్నాడాయన. ఉండండి అంది తను. గురువారం ఆయన గొంతు లేదు, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడొకటి వినపడింది. శుక్రవారం అదీ లేదు.

రత్నమణి టేపు ఆపింది. ఆయన వైపు తిరిగింది.

"శుక్రవారం పెట్టలేదా?"

"పెట్టా. నీ రికార్డింగు పాడవుద్దని పిలవలేదు. రెండు గ్లాసులూ నేనే తాగేశా."

సోమవారం కృపావతికి గది వద్దని చెప్పేసింది. సాయంత్రం చెప్పులు విడుస్తూనే టేప్‌రికార్డరు వంటింట్లోకి తెచ్చి, స్టవ్వు పక్కన పెట్టి మీట నొక్కింది.

"ఇవాళ ముందు మీరు చెప్పండి."

ప్రేమానందం చర్చిలో ప్రకటన చదివేవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ టీలో అల్లం వేశా."

రత్నమణి గ్లాసందుకుంది. వేడికి నాలుక చురుక్కుమంది.