దీవి మూతపడిన వారం

తడిగుడ్డతో కీబోర్డులు తుడవడం నా పని. ఆరు కంప్యూటర్లు, ఆరు కీబోర్డులు. మీటల సందుల్లో మిక్చర్ పలుకులు, సిగరెట్ బూడిద, ఎవరివో గోళ్ల ముక్కలు. లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందుగదిలో మా ఆయన బాలనర్సింహ ఇంటర్నెట్ సెంటర్ పెట్టి అప్పటికి మూడేళ్లు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన అన్నం తిని లోపల పడుకుంటే నాలుగింటిదాకా కౌంటర్‌లో నేను కూర్చోవాలి. మొదటి రోజే అన్నాడు, "ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదనే, జర కూసుంటే ఏమైతది?" అని. పొద్దున ఐదింటికి లేచి నీళ్లు పట్టి, ఇంటిల్లిపాదికీ వండి, పిల్లల్ని బడికి పంపి, అత్త కాళ్లకు నూనె రాసి, బట్టలు ఉతికి ఆరేసి వచ్చిన మనిషిని ఖాళీ అంటారని నాకు అప్పుడే తెలిసింది. అయినా మారు మాట్లాడలేదు. పగటిపూట కుర్చీలో కూర్చున్నా ఎవరూ ఏమీ అనని చోటు ఆ ఇంట్లో నాకు అదొక్కటే.

ఆట నేర్పింది పూజిత. గౌలిపురాలో బర్రెలు పెట్టుకుని మాకు పాలు పోసే బీరయ్య కూతురు. కోఠిలో డిగ్రీ రెండో సంవత్సరం, కాలేజీ పని మీద సెంటర్‌కు వచ్చేది. "అక్కా, ఊకె గోడ జూస్కుంట కూసుంటవేంది, ఇటు రా" అని కౌంటర్ పక్క కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టింది. నడి సముద్రంలో దీవులు. ఎక్కడెక్కడి వాళ్లో ఒకేసారి వచ్చి ఆడతారు. తోటలు వేయాలి, పడవలు కట్టాలి, తుఫాను వచ్చేలోపు ధాన్యం దాచుకోవాలి. ఆటలోకి రావాలంటే ముందు పేరు ఇవ్వాలి. మణెమ్మ అని కొట్టడానికి సిగ్గేసింది. 'సముద్ర' అని కొట్టాను. సముద్రాన్ని నేను ఏనాడూ చూడలేదు.

ఏడాది తిరిగేసరికి మా దీవిలో పదకొండు మందిమయ్యాం. అందరం తెలుగువాళ్లమే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం. తెనాలిలో రైల్వే గుమాస్తా ఇశ్రాయేలు గారు, వరంగల్లులో మందుల షాపు సోమశేఖర్, మిగతావాళ్లు చదువుకునే పిల్లలు. ఎవరి తోట ఎండుతోందో, ఎవరి దగ్గర విత్తనాలు అయిపోయాయో, ఎవరు అలిగి నాలుగు రోజులుగా రావడం లేదో నేనే గుర్తు పెట్టుకునేదాన్ని. ఇంట్లో చేసే పనే అక్కడా చేశాను. కాకపోతే అక్కడ "థాంక్స్ సముద్ర గారూ" అనేవాళ్లు. గారూ! పద్నాలుగేళ్ల కాపురంలో నన్ను పిలిచింది 'ఏమే' అని, 'ఓ పోరీ' అని. ఆ 'గారూ' కోసం నేను దేనికైనా సిద్ధపడేదాన్నేమో. సిద్ధపడ్డాను కూడా. మీరేం చేస్తుంటారని వాళ్లు అడిగినప్పుడు లెక్చరర్నని రాశాను. ఒక్కదాన్నే ఉంటానని రాశాను. ఆ రోజు లోపలి గదిలో నా కొడుకు జ్వరంతో మూలుగుతుంటే వాడు అసలు పుట్టనే లేదని పదిమందికీ చెప్పినట్టు అది. రాసి, గబగబా వెళ్లి వాడి నుదుటి మీద గుడ్డ తడిపి వేసి వచ్చాను.

రెండువేల ఏడు ఆగస్టులో ఆట నడిపే కంపెనీ నోటీసు పెట్టింది. నెలాఖరు శుక్రవారంతో దీవులన్నీ మూసేస్తారట. పదకొండు మందిమీ కొత్త చోటు వెతకడం మొదలుపెట్టాం. రోజుకొకరు ఒక ఆటలోకి వెళ్లి చూసి వచ్చి చెప్పేవాళ్లు. ఒకదాంట్లో తుపాకులు తప్ప మరేమీ లేవు. ఒకదాంట్లో గుంపుగా ఉండనివ్వరు. చివరికి అందరూ ఒకే మాట అన్నారు, సముద్ర గారు ఎక్కడంటే అక్కడికే అని. ఆ మాటకు గుండె నిండిపోయింది. ఆ రోజే సోమశేఖర్ చెప్పిన ఆటను మా కంప్యూటర్లోకి దించుకోబోయాను. అది పెద్దదని నాకు తెలియలేదు. ఆరు కంప్యూటర్లకూ నెట్ ఆగిపోయింది. కూర్చున్న పిల్లలు లొల్లి పెట్టారు. భయపడి లేచి, గుడ్డ తీసుకుని కౌంటర్ తుడుస్తున్నట్టు నిలబడ్డాను.

"ఏందిర లొల్లి?" అంటూ మా ఆయన నిద్రకళ్లతో బయటికొచ్చాడు. నేను వదిలేసిన కంప్యూటర్ మీద సోమశేఖర్ మాట అలాగే ఉంది. ఆయన వంగి, కూడబలుక్కుంటూ అందరికీ వినపడేలా చదివాడు: "సముద్ర గారూ, మీరెక్కడుంటే అదే మా దీవి." పిల్లలు పగలబడి నవ్వారు.

"ఎవలే ఈ సముద్ర?"

"నాకేమెర్క" అన్నాను.

అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ నా చూపు పూజిత మీదికి పోయింది. ఆ అమ్మాయి పక్క కంప్యూటర్లో కాలేజీ నోట్సు చూసుకుంటోంది. నేను వేలు చూపలేదు, పేరు చెప్పలేదు. ఒక్కసారి అటు చూశాను, అంతే. మా ఆయనకు అది చాలింది. పూజిత నా కళ్లలోకి చూసింది. ఆ సముద్ర నేనని తను ఒక్క మాట చెబితే బయటపడేది. చెప్పలేదు.

మా ఆయన ఫోన్ చేస్తే బీరయ్య వచ్చాడు. చేతులకు ఇంకా దాణా అంటుకునే ఉంది. గడప బయటే చెప్పులు విడిచి, మా ఆయన అరిచిందంతా విని, తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడి ముందు తల వంచాడు. "తప్పైంది నర్సింహ, మాఫ్ చెయ్యి. పిల్లను జర చూస్కోకపోతిని." కూతురు చేయి పట్టుకుని తీసుకుపోయాడు. నేను తుడిచిన కౌంటర్నే మళ్లీ తుడుస్తున్నాను. "ఆడపిల్లకు గంత సదువెందుకు?" అంది మా అత్త లోపలినుంచి. మా ఆయన కోపం నా మీదికి తిరిగింది. "నువ్వేం జేస్తున్నవే కూసోని? గిట్లాంటియి కనవడయా?" కనపడలేదన్నాను. ఆ రాత్రి అందరికీ అన్నం పెట్టాను, నాకు మాత్రం సహించలేదు.

తర్వాత మూడు రోజులు పొద్దున్నే బీరయ్య పాలు కొలిచి పోసి, మొహం ఎత్తకుండా వెళ్లిపోయాడు. నాలుగో రోజు ఉండబట్టలేక అడిగాను, పూజిత ఎట్లుందని. "కాలేజ్ బంద్ చేయించినమ్మా. ఇజ్జత్ పోయినంక సదువేం జేస్కుంటం?" అన్నాడు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. చెప్పడానికి అంతకన్నా మంచి అదను లేదు. వీధిలో కూడా ఎవరూ లేరు. "అత్తకు చాయ్ పెట్టాలె" అని లోపలికి వచ్చేశాను. నా నోటినుంచి వచ్చిన మాటల్లో నేను ఇప్పటికీ తలుచుకోలేనిది అదే.

శుక్రవారం ఆటకు ఆఖరిరోజు. నెట్ ఆగిపోయింది పూజిత వల్లేనని నమ్మిన మా ఆయన మళ్లీ నిశ్చింతగా నిద్రపోయాడు. దీవి ఒడ్డున పదకొండు మందిమీ చేరాం. ఇశ్రాయేలు గారు కొత్త చోటు కనిపెట్టారు. కొండల మధ్య ఊరు, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుందట. అందరూ పేర్లు రాయించుకున్నారు. నేనొక్కదాన్నే మిగిలాను. "రండి సముద్ర గారూ, ఊరికి పేరు మీరే పెట్టాలి" అన్నారు.

ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టాను. నా పేరు మణెమ్మ. పది పాసయ్యాను. లెక్చరర్ని కాదు. నాకు మొగుడు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. మీ మాట పట్టుబడితే ఇంకో పిల్ల మీదికి నెట్టాను, ఆ పిల్ల చదువు ఆగిపోయింది. రాస్తుంటే చెవులు మండిపోయాయి. ముందు సోమశేఖర్ రాశాడు: "మీరు ఎవరైతే మాకేంటండీ, మీరు మా సముద్రే." చదివి ఏడుపొచ్చింది. కానీ ఆ కింద ఇశ్రాయేలు గారు రాశారు: "ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారికి చెప్పారా అమ్మా?"

లేదని రాశాను.

"అక్కడ మీకు చోటు ఉంచుతాం, తొందరలేదు. ముందు వాళ్లింటికి వెళ్లిరండి."

ఇంకేదో రాయబోతుంటే తెర నల్లబడింది. దీవి, తోటలు, పడవలు అన్నీ పోయాయి. ఏదో ఇంగ్లీషులో రెండు ముక్కలు మిగిలాయి. చెప్పులు వేసుకుని బయల్దేరాను. "యాడికే, కౌంటర్ ఇడ్సిపెట్టి?" అని అత్త అరిచింది. "గౌలిపుర" అన్నాను.

పూజిత వాకిట్లో పాల క్యాన్లు తోముతోంది. బీరయ్య గడ్డి వేస్తున్నాడు. కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే చెప్పేశాను. "ఆ సముద్ర నేనే. నీ బిడ్డ ఏ తప్పు చెయ్యలే. నా పెనిమిటికి భయపడి అబద్ధమాడిన." బీరయ్య చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. "నువ్వా అమ్మా? నేను నర్సింహ కాళ్ల కాడ తల వంచితి" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పూజిత క్యాన్ పక్కన పెట్టి లేచింది.

"ఆ రోజే నువ్వు చెప్తవనుకున్న అక్కా. తెల్లారి చెప్తవనుకున్న. రోజు మా బాపు పాలు పోసి రాంగనే మొఖం చూస్తుంటిని, చెప్పిందా అని."

"రేపు కాలేజీకి నేనొస్త. ఇన్ని దినాలు ఎందుకు రాలేదో మేడంకు నేనే చెప్త" అన్నాను. పూజిత లోపలికి వెళ్లిపోయింది. "పది గంటలకు శాలిబండ స్టాప్ కాడ ఉండు" అన్నాడు బీరయ్య, బర్రె వైపు తిరిగి.

ఇంటికొచ్చేసరికి మా ఆయన కౌంటర్‌లో ఎర్రబడ్డ కళ్లతో ఉన్నాడు. సెంటర్ నిండా పిల్లలు. వాళ్లు వింటుండగానే చెప్పాను. చెయ్యెత్తాడు, అందరూ చూస్తున్నారని దించాడు. ఎవరూ నవ్వలేదు. "ఇజ్జత్ తీసినవ్ గదనే! ఇగ కౌంటర్ల కూసుంటే కాళ్లిరగ్గొడ్త!"

"మంచిది" అన్నాను. "రేపటిసంది మధ్యాహ్నం నువ్వే కూసో." అని వంటింట్లోకి వెళ్లిపోయాను. బియ్యం కడుగుతుంటే అప్పుడు తట్టింది, ఆ మూడు గంటలు ఇక నావి.

మర్నాడు శాలిబండ స్టాప్ దగ్గర పూజిత నాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. పలకరిస్తే మొహం తిప్పుకుంది. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వచ్చి కూర్చోలేదు, కమ్మీ పట్టుకుని నిలబడింది. కండక్టర్ వచ్చాడు.

"రెండు, కోఠి" అన్నాను.

"ఒకటే ఇయ్యన్నా" అంది పూజిత, నా వైపు చూడకుండానే. "నాకు కాలేజ్ పాస్ ఉంది."