అంకెలు లేని పుటలు

జోగారావు గారు స్నానానికి వెళ్తూ పుస్తకాన్ని మంచం మీద పడేసి పోయారు. ఓదెలు ఇడ్లీ పొట్లం బల్ల మీద పెట్టి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని పుస్తకాన్ని అందుకున్నాడు. గట్టి అట్ట, మీగడ రంగు కాగితం. ఇన్నేళ్లూ తను జిరాక్సులో చదివిన నవల. జిరాక్సు తీయించిన రోజు తర్వాత అసలు ప్రతిని చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు.

పంజగుట్టలో ఆ గెస్ట్‌హౌస్‌లో దిగిన పెద్దమనిషి ఓదెలు పీహెచ్‌డీకి పరీక్షకుడు. పొద్దున్నే విశాఖ రైలు దిగారు. అలా వచ్చిన పరీక్షకుణ్ణి స్టేషన్ నుంచి తీసుకురావడం, టిఫిన్ పెట్టించడం, తిరిగి రైలెక్కించడం పరిశోధక విద్యార్థి పనే. ఎక్కడా రాసి ఉండదు గాని అందరూ చేస్తారు. మధ్యాహ్నం రెండింటికి బోర్డు ముందు వైవా, నోటి పరీక్ష. గట్టెక్కితే డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి దారి పడుతుంది. లేకపోతే లేదు. గడువు ఇక పెంచేది లేదని యూనివర్సిటీ తేల్చి చెప్పింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పుకుంటూ ముసలోడు కావాల్సిందే.

ఓదెలు పరిశోధన అమెరికా నవలాకారుల మీద. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడ బయలుదేరిన రచయితలు వాళ్లు. కథను నడిమిట్ల తెంపేస్తారు. నవల్లోకి తామే దిగి పాత్రలతో కొట్లాటకు దిగుతారు. ఎవరో ఎక్కడో కుట్ర చేస్తున్నారని వందల పుటలు అనుమానపడి, చివరికి ఏమీ తేల్చకుండా లేచి పోతారు. ఈ నవల రాసినాయన ఇంకో మెట్టు ఎక్కాడు. అధ్యాయాలు లేవు. పుటలకు అంకెలు కూడా వేయనివ్వలేదు.

ఆ నవల్లో ఒకచోట తల్లిని పూడ్చిపెడతారు. పుట తిప్పితే ఆమె వంటింట్లో చేపలు వేయిస్తూ కొడుకును తిండికి పిలుస్తుంటుంది. ఓదెలు థీసిస్‌లో మూడో అధ్యాయమంతా దాని మీదే. వాక్యాలు సగంలో తెగడం గురించి కూడా అందులోనే రాశాడు. వీళ్ల నవలల్లో చావు ముగింపు కాదు, వాక్యం చాలించినా మనిషి చాలించడు అని తేల్చాడు. మొత్తం సిద్ధాంతగ్రంథానికి అదే దూలం. రాయని సంగతి ఒకటుంది. బీడీలు చుట్టి తనను చదివించిన అమ్మ పోయి, దినాలు అయ్యాక హాస్టల్‌కు వచ్చి తెరిచిన మొదటి పుస్తకం అది.

ఇప్పుడు ఆ వంటింటి కోసం వెతికాడు. దొరికింది. ముందు పుటలో పూడ్చిపెట్టడం లేదు. ఇంకా వెనక్కి తిప్పాడు. అక్కడా లేదు. ముందుకు తిప్పుకుంటూ పోతే నవల ఆఖర్న దొరికింది. తల్లి వంట చేసింది, మంచాన పడింది, పోయింది. వాక్యాలన్నీ నిండుగా ఉన్నాయి. ఒక్కటీ తెగలేదు.

ఓదెలు మళ్లీ మొదటి పుట నుంచి తిప్పడం మొదలుపెట్టాడు.

"ఆఁ, పట్టావూ?" జోగారావు గారు తల తుడుచుకుంటూ వచ్చారు. "నీ మూడో అధ్యాయం చదివాకే దీన్ని మళ్లీ వెతికి పట్టానయ్యా. కుర్రతనంలో చదివింది, ముక్క గుర్తులేదు. ఆ తల్లి తిరిగి రావడం ఉంది చూశావూ, అబ్బ! రెండింటిలోపు అక్కడిదాకా లాగించేస్తాను."

"సార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూసొద్దామా? కారు మాట్లాడుత."

"ఈ వయసులో నేనే ఒక మ్యూజియం. నువ్వెళ్లి చొక్కా మార్చుకుని రా."

ఓదెలు మెట్లు దిగి, మెట్రో పిల్లర్ల నీడలో అమీర్‌పేట వైపు దాదాపు ఉరికాడు. మైత్రీవనం దగ్గర కోర్సుల కాగితాలు పంచేవాళ్లు చేతిలో కుక్కుతుంటే వద్దనే ఓపిక లేక అన్నీ తీసుకున్నాడు. వెనక గల్లీలో హనుమత్ప్రసాద్ జిరాక్సు దుకాణం తెరిచి ఊదుబత్తి వెలిగిస్తున్నాడు.

"అన్నా, నా అమెరికా బుక్కు నువ్వే కొట్టినవ్ కద. యాదికున్నదా?"

"మస్తు యాదికుంది. గసొంటి బుక్కు మల్ల ఎవ్వడు తేలే. ఒక్కదానికి నంబర్ లేకపాయె." హనుమత్ప్రసాద్ నవ్వాడు. "కరెంటు పోయి వచ్చింది తమ్మీ, ఫ్యాను ఒక్కపారి తిరిగె. కాయితాలన్నీ దుకాణమంత లేసినయ్. ఏరి ఏరి నడుం పోయింది."

"ఏరి ఏంజేసినవ్?"

"దొరికినయ్ దొరికినట్టు పెట్టి స్పైరల్ కొట్టిన. నీకు చెప్తనే ఉన్న, నువ్వు ఫోన్ల ఉన్నవ్. ఒక్క కాయితం సుత పోలే, ఫికర్ జెయ్యకు. ఏమాయె?"

"ఏంగాలే అన్నా."

"గట్ల తెల్లగైనవేంది? చాయ్ తాగు జర."

ఓదెలు బయటికొచ్చి గైడ్ జానకీదేవికి ఫోన్ చేశాడు. ఆ రోజు జిరాక్సుకు పుస్తకం ఇచ్చింది ఆవిడే. ఇల్లు మారినప్పుడు అది పోయింది. ఓదెలు చెప్పిందంతా విన్నది. అవతల కుక్కర్ కూత వేసింది.

"మీరు ఆ నవల చదివారు కద మేడమ్. అప్పుడు అనుమానం రాలేదా?"

"అలాంటి నవలలు మొదట్నుంచీ చివరిదాకా ఎవరు చదువుతారు నాన్నా." ఆ మాట చిన్నగా అని, వెంటనే గొంతు పెంచింది. "ఏంటి ఓదెలూ, అంత కంగారు? అర్థం రచయితది కాదు, పాఠకుడిదని నువ్వే రాశావుగా! ఎలా పేర్చుకుంటే అలా నవల అని చెప్పు. అదీ అడిగితేనే. అడక్కపోతే నోరు మెదపకు. ఇందులో నా పరువు కూడా ఉంది."

ఫోన్ పెట్టేసింది. ఆ మాట నిలబడుతుందని ఓదెలుకు తెలుసు. మంచి ఇంగ్లిష్‌లో చెప్తే చప్పట్లు కూడా పడతాయి. కాని అమ్మను లేపి వంటింట్లో నిలబెట్టింది ఆ రచయితా కాదు, పాఠకుడూ కాదు. ఫ్యాను.

ఎటు పోవాలో తోచక మళ్లీ పంజగుట్టకే నడిచాడు. చొక్కా మార్చుకోవడం మర్చిపోయాడు.

జోగారావు గారు కిటికీ దగ్గర కుర్చీలో పుస్తకం ముఖానికి దగ్గరగా పట్టుకుని ఉన్నారు.

"రావయ్యా! వచ్చిందీ తల్లి. చేపలు వేయిస్తోంది, కొడుకును పిలుస్తోంది, నువ్వు రాసినట్టే." కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచారు. "కానీ చచ్చిపోయిన చోటు ఎప్పుడు దాటానో తెలీలేదు. రైల్లో నిద్ర లేదు, కునుకు పట్టినట్టుంది. ముసలి కళ్లు. ఇంతకుముందు కూడా వెనక్కి తిప్పాను, దొరకలేదు. పోనీలే, నీ మాట నమ్ముతాను."

అంతే. నోరు మూసుకుంటే చాలు. ఆయన నింద తన కళ్ల మీదే వేసుకుంటారు, మధ్యాహ్నానికి సంతకం పెడతారు. ఆయన మళ్లీ వేలు తడి చేసుకుని వెనక్కి తిప్పబోయారు, తప్పు చేసిన పిల్లవాడిలా.

"మీరు కునుకు తీయలేదు సార్." ఓదెలు అడ్డం పడ్డాడు. "ఆమె ఇంకా చావలే. ఆఖర్ల చస్తది. మల్ల రాదు."

ఆయన పుస్తకంలో బొటనవేలు పెట్టి మూశారు.

"మరి నీ మూడో అధ్యాయం?"

"జిరాక్సు కాగితాలు గాలికి లేచినయి సార్. దుకాణపాయన ఎట్ల దొరికితే అట్ల కుట్టిండు. నేను అట్లనే చదివిన."

కింద రోడ్డు మీద బస్సు హారన్ చాలాసేపు మోగింది.

"అది తీసేస్తే ఏం మిగులుద్దయ్యా?"

"ఏం మిగలదు సార్."

"బోర్డు ముందు చెప్తావా?"

"చెప్తే పట్టా ఇస్తరా?"

"తెలీదు." జోగారావు గారు అబద్ధం ఆడలేదు. కళ్లద్దాలు పెట్టుకుని వేలు ఉన్నచోటే పుస్తకం తెరిచారు. "ముందు నన్ను సరిగ్గా చదవనీ."

ఓదెలు మంచం అంచున కూర్చున్నాడు. ఆ పుటలో నూనె ఇంకా చిటపటమంటోంది, తల్లి ఇంకా పిలుస్తోంది. ఆయన నెమ్మదిగా చదివే మనిషి. పుట కింది మూల మీద ఆగిన ఆయన వేలినే చూస్తూ, అది కదలొద్దని ఓదెలు ఊపిరి బిగబట్టాడు.