ఉతికినవాళ్ళకీ ఎక్స్‌రే

డాక్టర్ లకాస్ మా వదిన పక్కటెముకల మధ్య సూది గుచ్చి సీసాడు నీళ్ళు తీశాడు. బీరు రంగు నీళ్ళు, పైన నురగ. ఆ సీసా పక్కనే కూర్చుని హామ్ శాండ్‌విచ్ తిన్నాడు.

"చలి చేసింది ఫెర్నాండ్. వేడిగా సూపు తాగు."

నేను వదినకు కోటు తొడిగాను.

ఫెర్నాండ్ మా ఆయన నోర్మాండ్‌కి అక్క. గనిలో ఏనాడూ అడుగు పెట్టలేదు. మొగుడి పని బట్టలు వంటింట్లో దులిపి ఉతికింది, అంతే. క్యూబెక్‌లో ఆ గని ఊరి ఆడవాళ్ళందరం చేసిందీ అదే. గనిలో తవ్వేది రాతినార, అదే ఆస్‌బెస్టాస్. ఆ దుమ్ము సూపులో తేలేది. రొట్టె మీద పేరుకునేది. పిల్లల ముక్కుల్లోంచి బూడిదరంగు చీమిడై కారేది.

మాంట్రియల్ ఆసుపత్రిలో ఆమెకు ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తిని కప్పి ఉండే పొర నారింజ తొక్కలా మందంగా, తెల్లగా కనిపించింది. ఇది రాతినార పనేనన్నారు. కంపెనీ డాక్టరు లకాస్ ఆ ఫిల్ము వైపు కన్నెత్తి చూడలేదు. కంపెనీ క్లినిక్‌లో తీసిందే చెల్లుతుందన్నాడు. అక్కడి ఎక్స్‌రే మిషను కార్మికులకు మాత్రమేనన్నాడు.

మాకూ ఎక్స్‌రే తియ్యమని అడుగుదామని చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళం కూడాం. నోర్మాండ్ మెట్ల మీద నిలబడి అరిచాడు.

"మీ గొడవకి గని మూసేస్తే ఏం తింటాం?"

"ఇప్పుడేం తింటున్నాంరా తమ్ముడూ? దుమ్మేగా!" అంది వదిన ఎగరొప్పుతూ.

పక్కింటి హ్యూగెట్ లేచింది. "నాకూ వీపులో పొడుస్తోంది. భయమేసి ఎవరికీ చెప్పలేదు."

"నాకూ" అంది మూలనున్న ముసలామె. నాకూ, నాకూ అంటూ గదంతా లేచింది.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు మారే ముందు కంపెనీ క్లినిక్‌లో నిండిపోయాం. వదిన చొక్కా విప్పి, చల్లటి ఎక్స్‌రే పలకకు రొమ్ము ఆనించి నిలబడింది.

"తియ్యవయ్యా."

"సిగ్గులేదూ? ఇది పనివాళ్ళ మిషను!" అన్నాడు లకాస్.

"మీ దుమ్ము బట్టలు ఉతకడం పని కాదా? జీతం ఇవ్వలేదు, జబ్బు మాత్రం ఇచ్చారు. అదైనా కళ్ళారా చూడనీ!"

లకాస్ కరెంటు ఆపేసి పోలీసుల్ని పిలిచాడు. వాళ్ళు ఆమె భుజాల మీద కోటు పడేసి బయటికి ఈడ్చారు. షిఫ్టుకు వస్తున్న మగవాళ్ళు గని గేటు దగ్గర ఆగిపోయారు. వ్యాను ఎక్కుతూ వదిన దగ్గింది. కఫం మంచు మీద పడింది. పోలీసు ముఖం చిట్లించి బూటు వెనక్కి లాక్కున్నాడు.

"అసహ్యమేసిందా నాయనా? మీ దొరల సరుకే. తీసుకెళ్ళి ఇవ్వు."

షిఫ్టు సైరన్ మోగింది. నోర్మాండ్ టిఫిన్ డబ్బా మంచులో పెట్టేసి, అక్కనెక్కించిన వ్యానుకు అడ్డంగా నిలబడ్డాడు. అతన్నీ ఎక్కించారు. ఒక్కడంటే ఒక్కడు గనిలోకి పోలేదు.

తెల్లారేసరికి క్లినిక్ తలుపు నుంచి చర్చి దాకా ఆడవాళ్ళం బారులు తీరాం. మంచు కురుస్తూనే ఉంది. లకాస్ తాళం చెవి పట్టుకుని వచ్చాడు.

కోట్ల గుండీలు విప్పుకునే నిలబడ్డాం.